విప్పి చూడని ముడి

1948లో, తొలకరి జల్లులు పడుతుండగా, నన్ను నూజివీడు తాలూకాకు వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. ఆ పేరుకు నోరు తిరగక రైతులు నన్ను ‘ఎరువుల బాబు’ అనేవారు. నా పైన జిల్లా వ్యవసాయాధికారి, నా కింద ఇద్దరు మేస్త్రీలు. పైనుంచి వచ్చిన ఉత్తర్వును కిందివాళ్ళ చేత చేయించడం, కిందివాళ్ళు చేసినదాన్ని పైవాళ్ళకు రుచించేటట్టు రాయడం, స్థూలంగా నా ఉద్యోగం అదీ.

అసలు సంగతిలోకి వెళ్ళేముందు ఒక మనవి. మామిడి మండీలో బండి దిగిన సరుకుకు తరుగు తీస్తారు. దెబ్బ తిన్న కాయలు, మెత్తబడ్డ కాయలు ఎలాగూ ఉంటాయని ముందే కొంత తగ్గించి లెక్క కట్టడాన్ని తరుగు అంటారు. నన్నెరిగినవాళ్ళు నా మాటలకు కూడా తరుగు తీసే వింటారు. మీరూ తీయండి, నేనేమీ అనుకోను. ఎక్కడ తీయకూడదో అక్కడ నేనే చెబుతాను.

ఆ ఏడాది మాకు అప్పగించిన పని, తాలూకాలో మేలైన మామిడి చెట్లను వెతికి పట్టుకుని వాటికి అంటు కట్టి మొక్కలు తయారు చేయడం. తెలియనివాళ్ళకోసం కొంచెం వివరిస్తాను. టెంక పాతితే మొక్క వస్తుంది గాని, తల్లి రుచి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకని కుండీలో పెంచిన టెంక మొక్కను తల్లి చెట్టు కొమ్మ దగ్గరికి తీసుకువెళతారు. రెంటికీ బెరడు పలచగా చెక్కి, చెక్కిన ముఖాలు రెండూ ఆనించి, అరటి నారతో బిగించి కట్టి, పైన బంకమట్టి మెత్తుతారు. కొమ్మలు మన కోసం కిందికి రావు గనక, చెట్టు చుట్టూ వెదురు మంచెలు కట్టి కుండీలనే పైకి ఎక్కిస్తారు. కొమ్మ తల్లి పాలు తాగుతూ ఉంటుంది, మొక్క కుండీలో నీళ్ళు తాగుతూ ఉంటుంది. లోపల రెండూ ఒకటయ్యేదాకా, అంటే వానలు వెనకపట్టు పట్టేదాకా, ఆ కట్టును ఎవరూ విప్పకూడదు. విప్పితే అప్పుడప్పుడే పుడుతున్న లేత పొర చిరిగిపోతుంది. అయినా ఆకులు ఇటూ అటూ పచ్చగానే ఉంటాయి. ఈ పనిలో ఉన్న చిక్కంతా అదే. బతికిందో చచ్చిందో బయటికి తెలియదు.

మేము ఎంచిన చెట్లలో మొదటిది ఆగిరిపల్లికి దగ్గరలో ఒక చిన్న పాలెంలో, చర్చిని ఆనుకుని ఉన్న దానియేలు గారి దొడ్లోది. రసం జాతి. ఆ పండు తిన్నవాడి చేతిని ఈగలు మూడు ఊళ్ళు దాటినా వదిలేవి కావు. చాట్రాయి బండివాడొకడు ఒక పండు నోట పెట్టి కళ్ళు మూసుకుంటే, ఎడ్లు వాటంతటవే విస్సన్నపేట చేరి, సంత చూసుకుని, తిరిగి వచ్చేదాకా తెరవలేదు. (తరుగు తీయండి.) ఇంత గొప్ప చెట్టుకు ఒక్కటే లోపం. ముసలిదైపోయింది, అంతకుముందు ఏడు గాలివానకు సగం విరిగింది, పైగా ఎవరు కట్టినా అంటు పడలేదు. నర్సరీవాళ్ళు దానికి మొండి చెట్టని పేరు పెట్టి వదిలేశారు.

దానియేలు గారు ఆ సంఘానికి పెద్ద. పాస్టరు గారు ఎప్పుడో ఒకసారి వచ్చేవారు గనక మిగతా ఆదివారాలు గంట కొట్టేది, ఆరాధన నడిపేది, ప్రసంగం చేసేది ఈయనే. ఆ ప్రసంగం ఎక్కడ మొదలైనా ‘దేవుని కోసం కనిపెట్టుకుని ఉండాలి’, అంటే ఓపికగా ఎదురుచూడాలి, అన్న చోటికి వచ్చి ఆగేది. ఓపికను గురించి అంత అందంగా మాట్లాడినవాణ్ణి నేను మళ్ళీ వినలేదు. ఓపిక పట్టడం వేరే విద్య అని తరవాత తెలిసింది.

ఆయన ఒక్కగానొక్క కూతురు సుగుణమ్మ. పాలెం బడిలో పంతులమ్మ. నా పెద్ద మేస్త్రీ ప్రకాశం నూజివీడులో తన సొంత చర్చి పక్కనే పెట్టుకుని, ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ ఈ చర్చికి వచ్చేవాడు. ప్రసంగం కోసం అంత దూరం వస్తున్నాడని దానియేలు గారు చాలా కాలం మురిసిపోయారు. నేను వచ్చేనాటికే ఆ ఇద్దరూ పెళ్ళి కోసం ఏళ్ళ తరబడి ఆగి ఉన్నారు. సుగుణమ్మ ఈడు పిల్లలు అప్పటికి తమ పిల్లల్ని ఆమె బడిలోనే వేశారు.

అడ్డం ఏమిటంటే బాప్తిస్మం. మా క్రైస్తవుల్లో ఆ రోజుల్లో అదొక పెద్ద పట్టింపు. నెత్తిన నీళ్ళు చల్లితే చాలనేవాళ్ళు కొందరు, నిండా ముంచితే గాని కాదనేవాళ్ళు కొందరు. ప్రకాశం చల్లిన సంఘం. సుగుణమ్మ ముంచిన సంఘం. నేను చల్లిన ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు కాలవలో జారిపడి మునిగినవాణ్ణి కూడా అయ్యాను గనక నాకు ఏ పట్టింపూ లేదు. అందుకే ఆ ఇద్దరూ మధ్యవర్తిగా నన్ను పంపారు.

దానియేలు గారు నా మాటంతా విని, చెట్టు వైపు చూపించారు.

“డిమాన్‌స్ట్రేటరు గారూ, కుర్రాడు బుద్ధిమంతుడే, కాదన్ను. కానీ చల్లిన మొక్కకీ ముంచిన కొమ్మకీ అంటు పడుతుందా అండీ? సరే, మనకెందుకు, దేవుణ్ణే తేల్చమందాం. ఈ మొండి చెట్టుకి మీ మేస్త్రీని అంటు కట్టమనండి. ఒక్కటి బతికినా దేవుడి చిత్తమనుకుని పిల్లనిస్తాను. బతక్కపోతే ఈ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు.”

లోపల్నించి సుగుణమ్మ గొంతు వినిపించింది. “దేవుడి తరఫున మాటిచ్చే ముందు ఆయన్ని ఓ ముక్క అడిగావా నాన్నా?”

“నువ్వు పంతులమ్మవి బళ్ళో. ఇక్కడ కాదు,” అన్నారాయన.

నేను బయటికి వస్తుంటే ఆమె గుమ్మం దాకా వచ్చింది. ఇంకా ఎన్నాళ్ళని ఆగుతావమ్మా అన్నాను. “రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్నానన్నయ్య గారూ. ఆగడం నాకు కొత్తేంటి?” అని నవ్వింది.

ఆ విధంగా ఒక పెళ్ళి వ్యవహారం ప్రభుత్వ పథకంలో కలిసింది. ప్రకాశం తన జన్మలో అంత శ్రద్ధగా అంటుకత్తి నూరి ఎరగడు. చెట్టు చుట్టూ మంచెలు లేచాయి. డజను పైచిలుకు కుండీలు పైకెక్కాయి. అతని ముడి ఒక తరహా. నార కొసను లోపలికి మడిచి ఎడమ వైపుకు దోపేవాడు. ఏ నర్సరీలో చూసినా మేస్త్రీ మేస్త్రీకి ముడి మారుతుంది. సంతకం పెట్టడం రానివాడికి కూడా ముడి ఉంటుంది.

కుండీలకు రోజూ నీళ్ళు పోయాలి. సుగుణమ్మ సంఘంలో ఇంటికొక కుండీ పంచింది. ఇక చూడండి, ఆ పాలెం ఉత్సాహం! పొద్దున్నే చెంబులతో బిందెలతో మంచెల మీదికి ఊరంతా. ఒకరు నీళ్ళు పోస్తూ పాట ఎత్తుకుంటే పై మంచె మీదివాళ్ళు అందుకునేవారు. పక్క తోట వెంకట్రాయుడు గారు పెద్ద రైతు, హిందువు, హాస్యప్రియుడు. దడి మీద మోచేతులాన్చి అడిగేవారు: “ఏంటండీ దానియేలు గారూ, చర్చి కింద ఉండగా మీవాళ్ళంతా చెట్టెక్కారు? దేవుడికి దగ్గరవుతుందనా?”

“మా అమ్మాయి పెళ్ళికి కనిపెట్టుకుని ఉన్నామండీ.”

“అలాగా! అయితే నాకూ ఓ కుండీ ఇప్పించండి. శుభకార్యం.”

ఆయనకూ ఒకటి ఇచ్చారు. అందరికన్నా ఎత్తున, చిటారు కొమ్మకు చివరగా కట్టినదాన్ని సుగుణమ్మ తన కోసం ఉంచుకుంది. ఆదివారం సాక్ష్యాల వేళ, అంటే దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకునే వేళ వస్తే, ఒకామె లేచి తన కుండీలో చిగురు మెరుస్తోందని చెప్పేది. ఇంకొకాయన లేచి తన కుండీ చిగురు ఎర్రగా మెరుస్తోందని చెప్పేవాడు. దానియేలు గారు అందరికీ ఓపిక మీద ప్రసంగం చెప్పేవారు. మా జిల్లా అధికారి కూడా తనిఖీకి వచ్చి, మంచె ఎక్కి, చాలా ఆసక్తి చూపించి, చాలాసేపు దిగలేదు. ఆ వానాకాలం అలా పాటల్లో గడిచిపోయింది.

వానలు తగ్గాక, కొమ్మకు మొదటి గాటు పెట్టేముందు, మేస్త్రీ ప్రతి కట్టునూ పరీక్షించాలి. అది మా పద్ధతి. ప్రకాశం మొదటి మంచె ఎక్కాడు. ఎక్కినవాడు అక్కడే కూర్చుండిపోయాడు.

“అయ్యగారూ, ఇది నా ముడి కాదండీ.”

రెండోది చూశాడు. అదీ అతనిది కాదు. గడ్డిమోపుకు వేసే ముడి. మూడోది ఉయ్యాల తాడు ముడి. ఆ కుండీ చంటిపిల్ల తల్లిది. ఇంకొకటి బావి చేదకు కట్టే ముడి. వెంకట్రాయుడు గారి కుండీకి ఎద్దు పలుపు ముడి. ఒకదానికి ముడి మరీ నాజూగ్గా, కిందికి త్రికోణంగా వేలాడుతూ ఉంది. అలాంటి ముడి ఆ చుట్టుపక్కల ఒక్కరి మెడలోనే ఉండేది. పాస్టరు గారు టై కట్టుకునేవారు. మరొకదాని మీద ఆఫీసు ఫైళ్ళకు వేసే జారు ముడి ఉంది. దాని మీద విచారణ జరిపే అధికారం నా హోదాకు లేదు గనక పక్కకు జరిగాను. దానియేలు గారి కుండీకి వేసింది చర్చి గంట తాడు ముడి. ఆ ఊళ్ళో గంట తాడు కట్టేది ఆయనొక్కరే.

విప్పి చూస్తే ఒక్కటీ అంటలేదు. చెక్కిన ముఖాలు రెండూ ఎండి, పలకల్లా విడివిడిగా ఉన్నాయి. చెట్టు మొండితనం కాదది. వెనక కట్టినవాళ్ళకు ఎందుకు పడలేదో అప్పుడు నాకు అర్థమైంది. ఈ పండు కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంత ఆత్రపడేవి మరి.

చర్చి ముందు అందరినీ నిలబెట్టి అడిగితే అందరిదీ ఒకటే మాట. “ఒక్కసారే చూశామండీ.” ఎందుకు చూశారంటే, బతికిన సంగతి సుగుణమ్మకు అందరికన్నా ముందు తామే చెప్పాలని. దురుద్దేశం ఎవరికీ లేదు. పిల్ల మీద ప్రేమతోనే సంఘమంతా కలిసి ఆమె పెళ్ళి విప్పేసింది. గడ్డిమోపు ముడి వేసినావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెంకట్రాయుడు గారు దడి అవతల్నించి, “నేను మీ మతం వాణ్ణి కాదండీ, నాకు మినహాయింపు ఉండాలి,” అన్నారు. దానియేలు గారు మాత్రం, “నేను చూడలేదు, ఊరికే తడిమాను,” అని చర్చిలోకి వెళ్ళిపోయారు.

“పైది చూడు ప్రకాశం,” అన్నాను.

ప్రకాశం పైకి చూసి కదల్లేదు. చిటారు కొమ్మ మీద కట్టు అసలు కనిపించడం లేదు. ఎర్రచీమలు చుట్టూ ఆకులు లాగి తెల్లటి దారాలతో కుట్టి, దాని చుట్టూరా ఇంత పెద్ద గూడు పెట్టాయి. ఒక్కొక్క చీమ నా చిటికెన వేలంత ఉంది. (తరుగు తీయండి. సగం వేలు.) సుగుణమ్మ పొడుగాటి వెదురు కర్రకు కొబ్బరి చిప్ప బిగించి, కింది మంచె మీద నిలబడి దూరం నుంచే ఆ కుండీకి నీళ్ళు పోస్తూ వచ్చింది. ఆ కట్టును ముట్టుకున్నవాళ్ళు లేరు.

“నీకు చూడాలని అనిపించలేదామ్మా?” అని అడిగాను.

“ఎందుకనిపించదండీ, రోజూ అనిపించేది. రెండుసార్లు నిచ్చెన కూడా తెచ్చాను. దేవుడు నాకు ఓపికిచ్చాడని మీరెవరూ సాక్ష్యం చెప్పకండి. చీమల్నిచ్చాడు.”

మిగిలింది ఆ ఒక్కటే. ఆలస్యంగా కట్టినది గనక దానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. సరిగ్గా అప్పుడు ప్రకాశానికి బళ్ళారి వైపు బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెంటనే చార్జి అప్పగించి బయల్దేరాలి. చార్జి అప్పగించడమంటే తన చేతి కింద ఉన్న ప్రభుత్వ సామానంతా, గునపం దగ్గర్నుంచి చిమ్మే పంపు దాకా, వచ్చినవాడికి చూపించి వప్పజెప్పడం.

ప్రకాశం ఆ రోజు నా ఎదుటే సుగుణమ్మతో తెగించి మాట్లాడాడు. “నూజివీడు వెళ్ళి రిజిస్టరు పెళ్ళి చేసుకుందాం పంతులమ్మ గారూ. మీ నాన్న గారు పెట్టిన షరతు దేవుడు పెట్టింది కాదు కదా.”

“కాదు,” అంది ఆమె. “ఆ మాట నేనే మొదట అన్నాను. కానీ మేస్త్రీ గారూ, గుమ్మం దాటడం ఒక్క పూట పని. ఆ తరవాత ఆదివారం నేనెక్కడ కూర్చోను? ఇన్నేళ్ళూ మోకాళ్ళ మీద అడిగాం. అడిగినవాళ్ళం జవాబు వినకుండా లేచి పోతామా?”

“జవాబు కాదనైతే?”

“అప్పుడు ఏడుస్తాను. అదీ ఆయన దగ్గరే కూర్చుని ఏడుస్తాను. మీరు వెళ్ళి కుండీలో నీళ్ళున్నాయో లేదో చూడండి.”

నాకు తోచింది ఒకటే. నిబంధనలు తిరగేస్తే, అంటు మీద ఉన్న కుండీ కూడా ప్రభుత్వ సామానే. అంటు విడదీసేదాకా దాన్ని చెట్టు మీది నుంచి దించకూడదు. దించని కుండీని వప్పజెప్పినట్టు సంతకం పెట్టకూడదు. కనుక ప్రకాశం చార్జి అప్పగింత పూర్తి కాలేదనీ, కుండీకి ఎర్రచీమల అభ్యంతరం కూడా ఉందనీ జిల్లా అధికారికి రాశాను. ఎర్రచీమలు మామిడికి తేనెమంచు పురుగు పట్టకుండా మేలు చేస్తాయి గనక వాటిని చెదరగొట్టడం శాఖకు శ్రేయస్కరం కాదని కూడా కలిపాను. మామూలుగా మా జాబులకు జవాబు రావడానికి పంట కాలం పట్టేది. ఈసారి వెంటనే వచ్చింది. కుండీ దిగేదాకా మేస్త్రీ ఉండవచ్చునని. ఫైలు ముడి వేసినవాళ్ళకు కూడా అంతరాత్మ ఉంటుంది.

ఇక దానియేలు గారి సంగతి. ఆయన ఆ వారాల్లో మాట తగ్గించారు. తిండి తగ్గించారు. ప్రసంగం మాత్రం తగ్గించలేదు. అప్పటికి ఆయనకే ఆ అంటు బతకాలని కోరిక పుట్టిందని నా నమ్మకం. కోరిక లేనివాడు మిట్టమధ్యాహ్నం పంచె ఎగగట్టి చిటారు కొమ్మకు నిచ్చెన వేయడు.

ఆ వేళ చర్చిలో స్త్రీల ప్రార్థన కూటం జరుగుతోంది. నేను వెంకట్రాయుడు గారి తోటలో పురుగు పట్టిన కొమ్మలు చూస్తున్నాను. ఉన్నట్టుండి చెట్టు మీది నుంచి, “అయ్యో! ప్రభువా! ప్రభువా!” అని కేక. తలెత్తి చూస్తే దానియేలు గారు పై మంచె మీద రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నారు. చీమలు పంచెలో దూరాయని నాకు తెలుసు, వెంకట్రాయుడు గారికి తెలుసు. కూటంలో ఉన్న ఆడవాళ్ళకు తెలియదు. పెద్దాయన మీదికి పరిశుద్ధాత్మ దిగిందనుకుని అంతా బయటికి పరుగెత్తుకొచ్చి, చెట్టు కింద నిలబడి, చప్పట్లు చరుస్తూ పాట అందుకున్నారు. ఆయన ఎంత గంతేస్తే వాళ్ళు అంత గట్టిగా పాడారు. “ఆపండమ్మా, చీమలే!” అని ఆయన అరిస్తే, “స్తోత్రం!” అని జవాబిచ్చారు. వెంకట్రాయుడు గారు దడి పట్టుకుని నవ్వి నవ్వి దడితో సహా ఇవతలికి పడ్డారు. దీనికి తరుగు తీయాలనుకుంటే తీయండి గాని, ఆ దడిని మళ్ళీ కట్టించింది నేనే.

ఎలాగో దిగారు. ముఖం గుమ్మడికాయ. సుగుణమ్మ సున్నం తెచ్చి రాస్తూ ఒక్క మాట అడిగింది. “ముట్టుకున్నావా నాన్నా?”

ఎవరూ నవ్వలేదప్పుడు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన ప్రకాశం ముఖం చూడలేకపోయాను.

“ముట్టుకోనిస్తేనా అవి! చెయ్యి చాచేలోపల...” అని ఆయన ఆగారు. తరవాత తల వంచుకుని, “నేను ఇంతకాలం ప్రసంగం చేసింది నాకు రాదమ్మాయ్,” అన్నారు.

“నాకూ రాదు నాన్నా. నీళ్ళు పోస్తూ ఉంటే రోజు గడిచిపోతుంది, అంతే.”

మర్నాటి నుంచి ఆ కర్రా, కొబ్బరి చిప్పా పట్టుకుని నీళ్ళు పోసింది దానియేలు గారే.

గడువు వచ్చింది. కొమ్మను ఒక్కసారిగా కోయకూడదు. ముందు అంటు కింద సగం లోతు గాటు పెట్టాలి. తల్లి నుంచి వచ్చే పాలు తగ్గి, మొక్క నుంచి వచ్చేవి సరిపోతాయో లేదో చూడాలి. ఆకు నిలబడితే ఇంకొంచెం లోతు. ఆ తరవాతే పూర్తిగా విడదీయడం. ప్రకాశం ఒళ్ళంతా బూడిద పూసుకుని, చీమలు కరుస్తున్నా పళ్ళు బిగబట్టి గాటు పెట్టి వచ్చాడు. పాలెమంతా కింద నిలబడింది. సుగుణమ్మ లేదు. బడి ఉంది గనక బడికి వెళ్ళింది. అక్కడి నుంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి.

మధ్యాహ్నానికి ఆకు వాలింది. వాలిన ఆకు చెవిలా వేలాడుతుంది. చూసినవాళ్ళు ఒక్కొక్కరే తల వంచుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం బడి విడిచాక ఆమె వచ్చింది, పైకి చూసింది, కర్ర తీసుకుని కుండీకి నీళ్ళు పోసింది. ఒక చిప్ప కూడా ఎక్కువ పోయలేదు. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తెల్లవారి నేనూ ప్రకాశం వెళ్ళేసరికి దానియేలు గారు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. పైకి చూడడం లేదు. “మీరే చూడండి బాబూ, నేను చూడకూడదనుకున్నాను,” అన్నారు. చూశాం. ఆకు లేచి నిలబడి ఉంది. ఎండకు బెదిరి వాలిందే గాని, అంటు గట్టిదే. లోపల రెండూ ఎప్పుడో ఒకటైపోయాయి. ఆ మాట చెప్పగానే దానియేలు గారు చర్చిలోకి పరుగెత్తారు. ఆ గంట తాడు పట్టుకుని ఎంత లాగారంటే, ఆగిరిపల్లి వైపు బండ్లు తోలుకుపోతున్నవాళ్ళు ఎక్కడో ఇల్లు తగలబడుతోందని బిందెలతో వచ్చారు.

ఇక్కడ తరుగు లేదు. ఆ చెట్టుకు అంటు పడింది. అందరూ విప్పి చూసినవి పోయాయి, ఎవరూ ముట్టుకోనిది బతికింది.

కొమ్మ పూర్తిగా విడదీసి కుండీ దించారు. ప్రకాశం చార్జి అప్పగించాడు. పెళ్ళి ఆ చర్చిలోనే జరిగింది. పాస్టరు గారు టైతో వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. చల్లడం, ముంచడం మాట ఎవరో ఎత్తబోతే దానియేలు గారు, “మొక్కకి నీళ్ళు ఎలా పోశామని కొమ్మ అడిగిందా?” అన్నారు. వెంకట్రాయుడు గారు బళ్ళారి ప్రయాణమైన వధూవరుల బండికి ఎడ్లు తానే కట్టారు. పలుపు ముడి బాగా వచ్చు గదా.

అంటును దానియేలు గారి దొడ్లోనే, తల్లి చెట్టుకు కొంచెం ఎడంగా నాటాం. మరుసటి ఏడు గాలివానకు తల్లి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. ఆ రుచి లోకంలో మిగిలింది ఆ ఒక్క మొక్కలోనే. అంటు మొక్కతో ఇంకొక చిక్కుంది. నాటిన మరుసటి చలికాలానికే పూత వస్తుంది. మోకాలెత్తు లేని మొక్క నిండా పూత! దాన్ని ఉంచకూడదు. మొక్క బరువు మోయగలిగేదాకా, కొన్నేళ్ళపాటు, వచ్చిన పూతను వచ్చినట్టే తుంచేయాలి.

నేను 1949 చివరలో బదిలీ మీద వెళ్ళిపోయేముందు వీడ్కోలు చెప్పడానికి వెళితే దానియేలు గారు ఆ మొక్క దగ్గర గొంతుక్కూర్చుని, తోసుకొస్తున్న పూమొగ్గలు తుంచుతున్నారు. ఒక్కొక్కటి తుంచినప్పుడల్లా నిట్టూరుస్తున్నారు.

“ఇంకా ఎన్నాళ్ళండీ ఇలా?”

“అది మోయగలిగేదాకా అండీ.”

“అదెప్పుడో మనకెలా తెలుస్తుంది?”

“కాండం చెబుతుంది.”

“సరే,” అని ఇంకొకటి తుంచారు. పక్క కొమ్మ మీద ఎర్రచీమలు కొత్తగా గూడు కుడుతున్నాయి. ఆయన వాటి జోలికి పోలేదు. వాటిని తోలమంటారా అని అడిగితే, “ఉండనివ్వండి, నాకు అవసరం,” అన్నారు.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. దేవుణ్ణి అడిగిన తరవాత మన వంతు నీళ్ళు పోయడం. లోపల జరిగే పని మనకు చూపించి జరగదు. అది జరుగుతోందని నమ్మడం కష్టమే గాని, విప్పి చూస్తే జరగదు. ఆ తరవాత ఉద్యోగంలో నేను కట్టించిన అంటులన్నిటికీ మేస్త్రీలకు ఇచ్చిన ఆజ్ఞ ఒకటే: కట్టిన ముడి కట్టినట్టే ఉండాలి, కుండీలో తడి ఆరకూడదు. ఎర్రచీమల్ని సరఫరా చేయమని శాఖకు రెండుసార్లు రాశాను. జవాబు ఇంకా రాలేదు. కనిపెట్టుకుని ఉన్నాను.